గొంతుకూ ఒక వయసుంటుంది: కేంబ్రిడ్జి చాపెల్ క్వయర్‌లో నా నాలుగేళ్లు

కేంబ్రిడ్జిలో మా కళాశాల చాపెల్ (ప్రార్థనామందిరం) క్వయర్, అంటే గాయకబృందం, ఎంపికకు వెళ్లిన రోజు నా శ్రుతి ఎంతో ఎవరూ అడగలేదు. గుంటూరులో మా సంగీతం టీచరుగారి దగ్గర ఎవరు కొత్తగా చేరినా ముందు శ్రుతిపెట్టె బయటికి వచ్చేది. నాలుగైదు రోజులు రకరకాల శ్రుతుల్లో పాడించి, కింది పంచమం, పై పంచమం రెండూ ఇబ్బంది లేకుండా పలికే చోటు వెతికి, "నీది ఐదున్నర" అని ఆవిడ తేల్చాకే సరళీ వరసలు మొదలయ్యేవి. గొంతు ఎక్కడుంటే పాట అక్కడికి వచ్చేది. ఇక్కడ పాట ఉన్న చోటికి గొంతు వెళ్లాలి. ఆర్గన్ శ్రుతి ఎవరి కోసమూ మారదు. సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని, పై గొంతు నుంచి కింది గొంతు వరకు, నాలుగు వరసలుంటాయి, వాటిలో ఒకదానిలో మనం సర్దుకోవాలి. ఈ తేడా నా బుద్ధికి మొదటి రోజే తెలిసింది. గొంతుకు తెలియడానికి ఏడాది పట్టింది.

2015 అక్టోబరులో, ఇరవై రెండేళ్ల వయసులో, లోహాల మీద పరిశోధన కోసం కేంబ్రిడ్జి వెళ్లాను. మాది లూథరన్ కుటుంబం. ఆదివారం చర్చిలో రాగతాళాలతో తెలుగు కీర్తనలు, క్రిస్మస్ వస్తే నాలుగు వరసల ఇంగ్లీషు క్యారల్స్, రెండూ వింటూ పెరిగాను. చర్చిలో ఆర్గన్ వాయించే మా పెద్దమ్మ చిన్నప్పుడే స్టాఫ్ నొటేషన్ (పాశ్చాత్య స్వరలిపి) నేర్పింది. డిసెంబరు 24 రాత్రి ఎనిమిదిన్నరకు నాన్నగారు రేడియోలో బీబీసీ పెట్టి, కింగ్స్ కళాశాల చాపెల్ నుంచి వచ్చే ఆరాధనను మా అందరికీ వినిపించేవారు. 1918లో మొదలైన ఆ ఆరాధనను 1928 నుంచి దాదాపు ఏటా ప్రసారం చేస్తున్నారు. ఆ ఊరికి వెళుతున్నానని తెలిసినప్పటి నుంచి ఏదో ఒక చాపెల్‌లో పాడాలని నా కోరిక.

ఎంపికలో ఒక పాట పాడించారు. ఎన్నడూ చూడని నొటేషన్ ముందు పెట్టి చదివి పాడమన్నారు. పియానో మీద మూడు స్వరాలు ఒకేసారి నొక్కి నడిమి స్వరం పలకమన్నారు. తరువాత నన్ను కిందికి, ఇంకా కిందికి దింపారు. మధ్య షడ్జం కంటే కింద కూడా నా గొంతు గట్టిగా, నిండుగా మోగింది. క్వయర్ నడిపే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇన్నాళ్లకు అసలైన ఆల్టో దొరికింది" అన్నారు. అంత మెప్పు నాకు అంతకుముందు ఎక్కడా దొరకలేదు. ఇంటికి ఫోను చేసి ఆ మాటను మూడుసార్లు చెప్పాను.

ఆ మాట ఎందుకు తప్పో చెప్పాలంటే ఆ క్వయర్లలో పాడేది ఎవరో చెప్పాలి. ఆరవ హెన్రీ 1441లో నెలకొల్పిన కింగ్స్ కళాశాలలో పై వరస పాడేది ఇప్పటికీ పదహారు మంది చిన్నపిల్లలు. కింది వరసలు పాడేది విద్యార్థులు. మిగతా కళాశాలల్లో ఎక్కువ చోట్ల అందరూ విద్యార్థులే, అంటే ఎక్కువమంది పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్లలోపు వాళ్లు. 1972లో చర్చిల్, క్లేర్, కింగ్స్ కళాశాలలు మొదటిసారి అమ్మాయిలను చేర్చుకున్నాయి. ఆ తరువాత ఒక్కో చాపెల్‌లోనూ పై వరస వాళ్ల చేతికి వచ్చింది. ట్రినిటీలో సంగీత దర్శకులు రిచర్డ్ మార్లో 1982లో అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి పాడే క్వయర్‌ను మొదలుపెట్టారు. సెయింట్ జాన్స్ 2022 వరకు ఆగింది. పాడేవాళ్లు మారారు గాని వినేవాళ్ల చెవుల్లో పన్నెండేళ్ల పిల్లవాడి గొంతే మిగిలిపోయింది. తేటగా, వణుకు లేకుండా, గీత గీసినట్టుగా ఉండే ఆ నాదాన్నే పందొమ్మిదేళ్ల అమ్మాయిల దగ్గరా ఆశిస్తారు. ఆ వయసు గొంతు చాలావరకు ఆ నాదాన్ని తేలిగ్గానే ఇస్తుంది. నేను అక్కడ విన్నంత అందమైన సామూహిక గానం మరెక్కడా వినలేదు, ఇది మనసారా చెబుతున్నాను. చిక్కు వచ్చేది ఆ వయసు గొంతు ఇవ్వలేనిదాన్ని అడిగినప్పుడు, లేదా ఎదుగుతున్న గొంతును ఎదగవద్దన్నప్పుడు.

పద్దెనిమిదేళ్లకు మనిషి ఎత్తు ఆగిపోతుంది కాబట్టి గొంతు కూడా పూర్తయిందనుకుంటాం. స్వరతంత్రులంటే వట్టి తీగలు కావు, పొరలు. పుట్టినప్పుడు ఆ పొరల మధ్య తేడా ఉండదు. అవి విడివడి పెద్దల గొంతులాగా ఏర్పడటం కౌమారం చివరికి గాని పూర్తికాదు. వాటి చుట్టూ ఉన్న మృదులాస్థి గట్టిపడటం ఇరవైల్లో మొదలై ఏళ్ల తరబడి సాగుతుంది. ఊపిరితిత్తుల శక్తి పతాకస్థాయికి చేరేది కూడా ఇరవైల్లోనే. మొదటి సంవత్సరం అమ్మాయిల గొంతులో గాలి కలిసినట్టు వినిపిస్తుందంటే అది బద్ధకం కాదు. స్వరతంత్రుల వెనుక భాగం ఇంకా పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. నేను ఉన్న నాలుగేళ్లలో ఇలాంటి గొంతులు మూడో ఏడాదికి, పాలు నిదానంగా మీగడ కట్టినట్టు, చిక్కబడటం కళ్లారా చూశాను, చెవులారా విన్నాను.

మరి ఆల్టోలు? ఆ వయసులో నిజమైన ఆల్టో చాలా అరుదు. మా వరసలో ఉన్న ఆరుగురిలో నలుగురు సొప్రానోలే. నొటేషన్ చక్కగా చదవగలరు కాబట్టి, పైన చోటు నిండిపోయింది కాబట్టి కింద నిలబడ్డారు. బాస్ వరసలోనూ అంతే. అడుగు స్వరాలు రాసిన చోట పద్దెనిమిదేళ్ల అబ్బాయిలు గడ్డం ఛాతీకి ఆనించి ఆ స్వరం కోసం వెతికేవారు. టెనర్‌లది మరీ కష్టం. వాళ్లలో ఎక్కువమంది నడిమి గొంతువాళ్లు. కొరత వల్ల పైకి ఎక్కించినవాళ్లు. వీళ్లలో చాలామంది చిన్నప్పుడు కెథెడ్రళ్లలో (పెద్ద చర్చిల్లో) పాడినవాళ్లే. ఎనిమిదేళ్లకు మొదలుపెట్టి, గొంతు మారేవరకు దాదాపు రోజూ పాడారు. వార్తాపత్రిక చదివినంత సులువుగా నొటేషన్ చదువుతారు. వాళ్ల సంగీతజ్ఞానం ముప్పై ఏళ్లవాళ్లది, గొంతు మాత్రం మారి ఐదేళ్లే అయింది. నడిపేవాళ్లు ఆ జ్ఞానాన్ని చూసి బరువు పెడతారు, మోయాల్సింది గొంతు. చిన్న కళాశాలల్లో అయితే క్వయర్ నడిపే ఆర్గన్ స్కాలర్‌కు, అంటే ఆర్గన్ వాయించే విద్యార్థికి, కూడా ఇరవై ఏళ్లే. అతన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. గొంతు గురించి అతనికీ ఎవరూ చెప్పి ఉండరు.

నా సంగతికి వస్తాను. ఐదున్నర శ్రుతిలో పాడినంత కాలం నా పై పంచమమే నా ఎల్లగా ఉండేది. అంతవరకూ ఛాతీ నుంచి వచ్చే ఒకే గొంతు. ఆ పైన సన్నగా పలికేదాన్ని మా టీచరుగారు దొంగగొంతు అనేవారు, దాని జోలికి పోనిచ్చేవారు కాదు. ఆ పద్ధతిలో అది సబబే. మన పాటకు ఆ పై అంతస్తు అవసరం లేదు. ఆల్టో వరస కూడా దాదాపు నా శ్రుతిలోనే నడుస్తుంది కాబట్టి హాయిగా ఉందనుకున్నాను. తేడా ఒకటే: అక్కడ నేను పాడినట్టు ఇక్కడ పాడకూడదు. స్వరం కదలకూడదు, గమకం నీడ కూడా పడకూడదు. పక్కవారి గొంతులో కలిసిపోవాలి. నా గొంతు మొనదేలి వినిపిస్తోందని క్వయర్ నడిపే ఆయన చేయి కిందికి చూపిస్తే నేను తగ్గించేదాన్ని. ఛాతీ గొంతుతో ఎగువ స్వరాలను మెల్లగా, నిశ్చలంగా పట్టి ఉంచాలంటే మెడ బిగించడం తప్ప నాకు మరో దారి తెలియదు. అదే సమయంలో కింది స్వరాలు వచ్చేసరికి "ఇంకా కావాలి" అని నా వైపే చూసేవారు. ఆరుగురి పని నేనొక్కదాన్నీ చేస్తున్నానన్న గర్వంతో ఇంకా నొక్కేదాన్ని.

వారానికి మూడు సాయంకాల ఆరాధనలు. ప్రతిదానికీ ముందు గంటకు పైగా సాధన. ఎనిమిది వారాల టర్మ్‌లో ఆరాధనకొక కొత్త పాట. నల్లటి గౌను మీద తెల్లటి సర్ప్లిస్ వేసుకుని, డెకేనై, కాంటోరిస్ అని రెండు పక్షాలుగా ఎదురెదురుగా నిలబడతాం. కొవ్వొత్తుల వెలుగు, రాతి కప్పు మీద ఆగి ఆగి తిరిగివచ్చే చివరి స్వరం... ఆ ముప్పావు గంట కోసం ఎంత అలసటనైనా మరిచిపోతాం. అది ముగియగానే భోజనశాలలో వందమంది మధ్య గొంతు పెంచి మాట్లాడతాం. పాడటం కంటే ఈ మాటలే ఎక్కువ చెరుపు చేస్తాయని తరువాత తెలిసింది.

రెండో ఏడాది నవంబరుకు పొద్దున్నే మాట బొంగురుగా వచ్చేది. చలి అనుకున్నాను. పాడగా పాడగా తెరుచుకుంటుందిలే అనుకున్నాను. 2016 నవంబరు 15, మంగళవారం. ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) ప్రార్థన పుస్తకం బైబిల్లోని నూటయాభై కీర్తనలను నెలలోని ముప్పై రోజులకూ పంచుతుంది. పదిహేనో తేదీ సాయంత్రానికి వచ్చేది డెబ్బై ఎనిమిదో కీర్తన, డెబ్బైకి పైగా వచనాలు. ఆ సాయంత్రం మొత్తం పాడాలని నిర్ణయించారు. ఒక వచనం ఎదుటి పక్షంవారు, ఒక వచనం మేము. సగం దాటాక మా వంతు వచ్చి నోరు తెరిస్తే నా స్వరంలో సగం వచ్చింది, సగం గాలి. తరువాతి వచనానికి అసలేమీ రాలేదు. పక్కనున్న అమ్మాయి నా వైపు చూసి, పుస్తకం నాకు దగ్గరగా జరిపింది, వరస తప్పాననుకుని. మిగతా కీర్తనంతా పెదవులు కదుపుతూ నిలబడ్డాను. నేను లేకపోయినా ఆల్టో వరస నిలబడింది. కాస్త పలచగా, కాని శ్రుతిలోనే. ఆ రాత్రి నన్ను బాధపెట్టింది గొంతు పోవడం కంటే ఆ సంగతే.

ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టం పంపి, మెరిసి ఆరే వెలుగులో స్వరతంత్రులను చూశారు. స్ట్రోబోస్కోపీ అంటారు. తెర మీద నా గొంతును నేనే చూశాను: ముత్యపు రంగులో ఉండాల్సిన రెండు అంచులు, ముందునుంచి మూడో వంతు దూరంలో, రెండు వైపులా ఉబ్బి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఇంకా కాయలు కట్టలేదు, ఇలాగే సాగితే కడతాయి అన్నారు డాక్టరుగారు. ఆపరేషన్ అక్కర్లేదు, అలవాటు మారాలి. రెండు వారాలు పాట వద్దు, మాట తక్కువ, గుసగుస అసలే వద్దు.

ఆ రెండు వారాలూ ప్రయోగశాలలో కూర్చుని ఒక లెక్క వేశాను. నా పరిశోధనంతా లోహపు అలసట మీదే. ఒక్కసారి వేస్తే ఏమీ కాని చిన్న భారాన్ని లక్షలసార్లు వేస్తే ఉక్కు కూడా ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. ఆల్టో వరసలో సగటున సెకనుకు మూడువందల సార్లు స్వరతంత్రులు కలిసి విడిపోతాయనుకుందాం. నికరంగా ఒక గంట పాడితే పది లక్షల ఎనభై వేల సార్లు. ఉక్కు కడ్డీలకు ఈ లెక్క రోజూ వేసేదాన్ని, నా గొంతుకు వేయాలన్న ఆలోచన అంతవరకూ రాలేదు. తేడా ఏమిటంటే ప్రాణమున్న కణజాలం విశ్రాంతి ఇస్తే తనను తాను బాగుచేసుకుంటుంది, ఉక్కు చేసుకోదు. ఆ లెక్క వేశాక మౌనం శిక్షలా అనిపించడం మానేసింది.

క్వయర్‌లో స్కాలర్‌షిప్పు ఉన్నవారికి కళాశాల గాత్రపాఠాలు ఇప్పిస్తుంది. నాలాంటి స్వచ్ఛంద సభ్యులకు లేవు. నా పరిస్థితి చెప్పాక ఆ టర్మ్ నుంచి ఇప్పించారు, అందుకు కృతజ్ఞురాలిని. టీచరు అరవై ఏళ్లావిడ. మొదటి పాఠంలో పాట ఊసే లేదు. గ్లాసులో నీళ్లు పోసి, స్ట్రా ముంచి, బుడగలు తెప్పిస్తూ స్వరం పలకమన్నారు. ఆ నీటి ఒత్తిడి ఎదురుగా ఉంటే స్వరతంత్రులు ఒకదాన్నొకటి బలంగా కొట్టుకోవట. మూడు వారాలు అదే. తరువాత పెదవులు ఆడిస్తూ, "ఙ" అంటూ పైనుంచి కిందికి జారడం. ఎప్పుడూ పైనుంచి కిందికే. నేను జీవితమంతా కిందనుంచి బరువు మోసుకుంటూ పైకి ఎక్కినదాన్ని.

ఆ జారుడులో ఒకరోజు నా తార పంచమం దాటి చాలా పైన ఒక స్వరం పలికింది. దారమంత సన్నగా, నాది కానట్టుగా. ఆగిపోయాను. "ఇది దొంగగొంతు" అన్నాను, ఆ మాటను ఎలా అనువదించాలో తెలియక అవస్థపడుతూ. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "ఎవరి దగ్గర దొంగిలించారు?" అని అడిగారు. "ఇది మీదే. దీని వయసు మాత్రం ఈ రోజుతో ఒక రోజు. మీ కింది గొంతుకు పదిహేనేళ్లు. రెండింటినీ ఒకేలా చూడకండి." ఇంటికి వెళ్లి గుంటూరుకు ఫోను చేసి మా టీచరుగారికి చెప్పాను. ఆవిడ నొచ్చుకుంటారని భయపడ్డాను. "మన పాటకు అది వద్దన్నాను గాని నీ గొంతులో లేదని నేను ఎప్పుడన్నానమ్మా?" అన్నారు. ఇద్దరు గురువులూ ఒకరినొకరు చూడకుండానే నాకు ఒకే మాట చెప్పారు.

వణుకు లేని స్వరం మాటేమిటని కూడా అడిగాను. చాపెల్‌లో స్వరం కదలకూడదంటారు, గాత్ర గురువులు కదలనివ్వమంటారు. పిల్లలు ఈ ఇద్దరి మధ్య నలిగిపోవడం అక్కడ రోజూ చూసేదే. సెకనుకు ఐదారు సార్లు వచ్చే ఆ సహజమైన ఊగు ఊపిరి స్వేచ్ఛగా పోతోందనడానికి గుర్తని ఆవిడ వివరించారు. కొందరిలో పద్దెనిమిదికి ఇంకా మొదలే కాదు. మొదలైనవారు దాన్ని మెడతో బిగించి ఆపకూడదు. ఊపిరిని తేలిక చేస్తే ఊగు దానంతట అదే వినపడనంత చిన్నదవుతుంది. చెప్పడానికి రెండు వాక్యాలు, చేతకు వచ్చేసరికి నాకు ఏడాదిన్నర.

మూడో ఏడాది నన్ను రెండో సొప్రానో వరసకు మార్చారు. క్వయర్ నడిపే ఆయనే ఆ మార్పు సూచించారు. మొదటి ఏడాది తాను తొందరపడ్డానని నాతో నేరుగా అన్నారు. అలా ఒప్పుకోవడం ఆయన మంచితనం. అప్పటికి కింద ఇద్దరు కొత్త ఆల్టోలు చేరారు. వాళ్లను మాత్రం ఆయన "ఇంకా కావాలి" అని ఎప్పుడూ అడగలేదు. అవసరమైతే ఆర్గన్‌ను తగ్గించమనేవారు.

ఇక్కడ మరొక అమ్మాయి గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. నాతోపాటే చేరిన సొప్రానో, అప్పుడు పద్దెనిమిది. మొదటి ఏడాది ఆమె గొంతు అందరిలో కలిసిపోయేది. ఇరవై వచ్చేసరికి నెలనెలకూ పెరగసాగింది: వెడల్పు, మెరుపు, ఒక లోతైన ఊగు. సాధనలో పదే పదే ఆమె వైపు చేయి కిందికి వెళ్లేది. వెనుక వరస చివరికి మార్చారు. కొన్ని పాటల్లో పై స్వరాలు వదిలేయమన్నారు. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం పక్కనుంచి చూసేదాన్ని. నా పాత పనే ఆమె మరో చివర చేస్తోంది. తగ్గించమన్నవారి అవసరమూ నిజమే, పాతికమంది కలిసి ఒక్క నాదం కావాలి. కాని అంతటి గొంతు ఎదగడానికి ఆ రాతిగోడల మధ్య చోటు లేదు. మూడో ఏడాది మొదట్లో ఆమె తానుగా మానుకుంది. డిగ్రీ అయ్యాక లండన్‌లో సంగీత కళాశాలలో చేరింది. పెద్ద గొంతులు కుదురుకునేది ముప్పై దగ్గరపడ్డాకే కాబట్టి ఆమెకు ఇంకా పదేళ్ల పని ఉందని అక్కడ చెప్పారట. ఆ మాట చెబుతూ ఆమె ఎంతో హాయిగా నవ్వింది. చాపెల్‌లో ఆమెకు ఎప్పుడూ "ఇప్పుడే, ఇలాగే" అన్న మాటలే వినబడ్డాయి.

అడుగు స్వరం కోసం గడ్డం ఆనించిన బాస్ అబ్బాయిల్లో ఒకరికి నాలుగో ఏడాదికి ఆ స్వరం వచ్చేసింది. ఏమి చేశావని అడిగితే, "ఏమీ చేయలేదు, వేసవి సెలవులయ్యాక వచ్చి చూస్తే ఉంది" అన్నాడు.

2019లో తిరిగి వచ్చాను. ఇప్పుడు గుంటూరులో మా చర్చి యువజన క్వయర్‌కు డిసెంబరు క్యారల్స్ నేర్పుతాను. ఎవరినైనా ఒక వరసలో నిలబెట్టే ముందు రెండు ఆదివారాలు ఆగుతాను. పైనుంచి కిందికి జారమంటాను, మాట్లాడే గొంతు వింటాను, గొంతు మారుతున్న అబ్బాయిలను ఏ వరసకూ కట్టేయను. ఆల్టోలు తక్కువైతే ఆ వరసను కీబోర్డు మీద నేనే వాయిస్తాను. కొందరు పెద్దలకు ఇది సాగతీతగా అనిపిస్తోంది, పండుగ దగ్గరపడుతోంది కదా అంటారు. నిజమే, దగ్గరపడుతోంది. అయినా ఆగుతాను.

మొన్న తెల్లవారుజామున శ్రుతిపెట్టె ముందు కూర్చున్నాను. ముప్పై రెండేళ్లు ఇప్పుడు నాకు. కిందికి దిగుతూ దిగుతూ, ఇరవై మూడేళ్లప్పుడు ఎంత నొక్కినా గరగరమనే ఆ మంద్ర స్వరాల దగ్గరికి వచ్చాను. మెడ కదల్లేదు. స్వరం పలికింది, మెత్తగా, నిండుగా. ఇంకొకసారి పాడి చూశాను. ఉంది.